అత్తగారి గాజు

నమోదు 1

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. "నోటితో చెప్తే సరిపోదా డాక్టరమ్మా" అని అడిగితే, "నీ నోటికి బ్రేకుల్లెవ్వు తిరుమలా, రాస్తేనన్న జర తక్కువైతది" అంది డాక్టర్ నఫీసా. కడుపుతో ఉన్న మనిషితో అనాల్సిన మాటేనా అది? సరే, రాస్తాను. చదివేవాళ్ల ఖర్మ.

ఈ రోజు నాకు ఏడో నెల గాజులు తొడిగారు! మా అమ్మ లచ్చవ్వ రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు ఎక్కించింది. అన్నీ మా మానేరు గుహలోని బట్టీలోనే, ఈ కుజుడి ఎర్రమట్టి కలిపి పోసినవి. చెయ్యి ఊపితే గుహంతా గలగలమంది. అన్నిటికన్నా చివర క్లినిక్ వాళ్ల గాజు వచ్చింది. బూడిదరంగుది, చప్పుడు చెయ్యదు. అది నాడి వింటుంది, కడుపులో బిడ్డ గుండె వింటుంది, మనం మాట్లాడే ప్రతి మాటా వింటుంది. విన్నదంతా క్లినిక్‌లో కూర్చున్న పెద్ద మెషీన్‌కి చేరవేస్తుంది. అలాంటిదాన్ని అత్తగారు అనక ఇంకేమంటారు? ఆ పేరు విని మా అసలు అత్తగారు కూడా నవ్వి ఊరుకుంది.

గాజు మీద చిన్న దీపం ఉంటుంది. పచ్చగా వెలిగితే అంతా క్షేమం. పసుపైతే జాగ్రత్త. ఎరుపైతే ఆపరేషన్ గది తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, బండి మన ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది. మా మానేరులో పుట్టిన పిల్లలు దాదాపు అందరూ ఆ ఎర్రదీపం పిల్లలే.

నాకు మాత్రం కోత వద్దు. కత్తికి భయపడి కాదు. ఇక్కడ గాయాలు మానడం మహా నిదానం. కుట్లు పడ్డ మనిషిని బరువు కోటు వేసుకోనివ్వరు. బరువు కోటు లేకపోతే ఈ తేలికపాటి నేల మీద ఎముకలు గుల్లబారిపోతాయి. అందుకని నెలల తరబడి గిరగిరా తిరిగే గదిలో పడుకోబెడతారు, అందులోకి పసిపిల్లల్ని రానివ్వరు. మా పక్కింటి అనసూయ అలాగే పడుకుంది. కొడుకు బోర్లాపడటం కూడా ఆమె తెర మీదే చూసింది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు గోడ ఇవతల నుంచి విన్నాను.

నా బిడ్డ బోర్లాపడటం నేను తెర మీద చూడను. చెప్తున్నానుగా, చూడను.

నమోదు 2

డాక్టరమ్మ చెప్పినవన్నీ చేస్తున్నాను. రోజూ నడక. గొంతుక్కూర్చుని లేవడం. వెల్లకిలా పడుకోకుండా పక్కకు తిరిగి పడుకోవడం. నొప్పులు వాటంతటవే రావాలి, తొందరపడి తెప్పించుకోకూడదు. వచ్చాక కూడా మొదటి నొప్పికే క్లినిక్‌కి పరుగెత్తకూడదు, ఇంట్లోనే తిరుగుతూ ఉండాలి. కాన్పయ్యేదాకా మన మనిషి ఒకరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోవాలి. "ఇవి చేస్తె కోత అసలే పడదని కాదు, పడే అవకాశం తగ్గుతది. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె దిగజారినా మాత్రం నీ మాట ఇనను, కోసేస్త" అంది. ఒప్పుకున్నాను. నేనంత మూర్ఖురాలిని కాదు.

పనికి కూడా నడిచే వెళ్తున్నాను. నీళ్ల ప్లాంటులో వడపోత జల్లెడలు కడగడం నా పని. కడిగిన కొద్దీ ఎర్రదుమ్ము వస్తూనే ఉంటుంది. మా ఆయన సారంగం జొన్న పండించే అరల దగ్గర పని మానుకుని మరీ నా వెనకాలే వస్తున్నాడు. పడిపోతే పట్టుకుంటాడట. బరువు కోటుతో కలిపి నా బరువెంతో తెలిస్తే ఆ మాట అనడు.

ఇంతా చేస్తే ఏమైంది? సాయంత్రం ఇంటికొచ్చి కూలబడి, "అమ్మా, సచ్చిన! కాళ్లు ఇరిగిపోయినయ్!" అనుకుంటూ బూట్లు విప్పుతుంటే గాజు పసుపైంది. పరుగున క్లినిక్‌కి వెళ్తే అన్నీ బాగున్నాయన్నారు. బాగుంటే పసుపెందుకయ్యా? చెప్పేవాళ్లు లేరు.

నమోదు 3

మళ్లీ పసుపు. జొన్నరొట్టెలో ఎర్రకారం తొక్కు నంజుకుని, "వామ్మో, మంట! పానం పోయింది!" అని నీళ్లకోసం లేచానో లేదో, పసుపు.

నిన్న పొద్దున "ఆకలికి పేగులు మాడిపోతున్నయ్" అంటే పసుపు. మధ్యాహ్నం సారంగం మీద విసుక్కుంటే పసుపు. ఇలా పసుపులు కూడితే ఏదో ఒక రోజు ఎరుపవుతుంది. అనసూయకీ ఇలాగే అయిందట. పసుపు, పసుపు, నొప్పులు మొదలవగానే ఎరుపు. తీరా కోసి చూస్తే లోపల బిడ్డ హాయిగా ఉన్నాడట.

నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంకేం చెయ్యాలి నేను?

డాక్టరమ్మ కూడా తల పట్టుకుంది. మాకు అవతలున్న వాయవ్య గుహలో వేరే భాష వాళ్లుంటారు. వాళ్లదీ ఇదే మెషీన్, ఇదే తిండి, ఇవే బరువు కోట్లు. అక్కడ కోతలు బాగా తక్కువ. "మరి మీకే ఎందుకైతున్నయ్? మీ నీళ్లల్ల ఏమన్న ఉందా?" అంది.

నా నీళ్లనే అంటుందా! ఆ జల్లెడలు నేను కడుగుతున్నాను, నేను! అక్కడికక్కడే దులిపేశాను. గాజు మళ్లీ పసుపైంది.

నమోదు 4

ఈ రోజు జరిగింది తలుచుకుంటే నవ్వొస్తోందో భయమేస్తోందో నాకే తెలియడం లేదు.

పొద్దున సారంగానికి ఓ ఆలోచన వచ్చింది. నా బరువేమిటో తనకూ తెలియాలట. అరలో కాసిన పెద్ద సొరకాయని కండువాతో పొట్టకి కట్టుకున్నాడు. బరువు కోటు తీసేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, నాలాగే "అబ్బా అబ్బా" అంటూ వంటగదిలో తిరుగుతున్నాడు. అంతలో తుమ్ము వచ్చింది. కుజుడి మీద బరువు కోటు లేకుండా గట్టిగా తుమ్మితే మనిషి నేల మీద నిలవడు. సొరకాయ ముందు, సారంగం వెనక, ఇద్దరూ ఎగిరి వెళ్లి గిన్నెల అరలో పడ్డారు.

మా అమ్మ చేతిలో పిండి ముద్దతోనే అరిచింది. "ఓ తిరుమలా! ముందుగాల అల్లునికి నొప్పులొచ్చినయే!"

ఇక నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకున్నాను, నేల మీద కూర్చున్నాను. "ఆపవే అమ్మా, నా పొట్ట పగిలిపోతుంది! సచ్చిపోతున్న!" అన్నాను.

గాజు ఎర్రబడింది.

కళ్లు తుడుచుకునేలోపే బండి వచ్చేసింది. దాని చేతులు నన్ను ఎత్తి పడుకోబెట్టి పట్టీలు బిగించాయి. "గర్భసంచి చిట్లినట్లు రోగి స్వయంగా తెలిపినది. శస్త్రచికిత్సకు సిద్ధము" అని గాజులోంచి ఓ పుస్తకాల గొంతు వచ్చింది. నేనేం తెలిపాను? ఎప్పుడు తెలిపాను? అమ్మ పిండి చేతుల్తో బండి వెంట పరుగెత్తింది. సారంగం పొట్ట మీద సొరకాయతో పరుగెత్తాడు. నాకు ఇంకా నవ్వొస్తూనే ఉంది. ఆపరేషన్ గది తలుపులు తెరుచుకుని, ఆ తెల్ల వెలుగు కళ్లలో పడ్డాక ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

డాక్టర్ నఫీసా గ్లవ్స్ తొడుక్కుంటూ వచ్చి కడుపు మీద చెయ్యి వేసింది. మెత్తగా ఉంది. బిడ్డ గుండెకి చెవి ఆనించింది. గుర్రంలా పరుగెడుతోంది. చేత్తో చూసి బాగుందని తేల్చుకుంటే ఎరుపుని ఆపే హక్కు ఆమెకు ఉంది. నొప్పులు మొదలయ్యాకైతే అలా చేత్తో తేల్చుకోవడం కష్టమట, నాకింకా నొప్పుల్లేవు కాబట్టి సరిపోయింది. ఆపేసి, "ఏమన్నవ్ నువ్వు? ఎరుపు కాకముందు ఏమన్నవ్? ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

"నవ్వి నవ్వి పొట్ట పగిలిపోతుందన్న."

ఆమె అలాగే నేల మీద చతికిలబడింది. "యా అల్లా!" అంది. "ఇన్నేండ్ల నుంచి గిదా సంగతి!"

నమోదు 5

గిదే సంగతి. అత్తగారికి తెలుగు వచ్చు. కానీ ఎవరు నేర్పారో, ఒక్క మాటకి ఒక్కటే అర్థం అన్నట్టు నేర్పారు. వాయవ్య గుహ వాళ్లు నొప్పొస్తే "నొప్పి" అంటారట. అంతే! మనం ఎప్పుడైనా అలా అన్నామా? తల నొప్పి అనం, తల పగిలిపోతోంది అంటాం. ఆలస్యమైతే చంపావు అంటాం. ఆకలేస్తే చస్తాం, నవ్వొస్తే చస్తాం, సిగ్గేస్తే చస్తాం. రోజుకి ఇన్నిసార్లు చచ్చే జనం నోట విన్నవన్నీ అత్తగారు రాసుకుని, నొప్పులు మొదలయ్యే సమయానికి మనిషి పోయేలా ఉందని నిర్ణయించేస్తోంది.

"దాని చెవులు మూసెయ్ డాక్టరమ్మా" అన్నాను.

"మూసేస్తె నువ్వు నిజంగ పిల్చినప్పుడు ఎవరింటరు? నేనొక్కదాన్నే ఉన్న మీకు."

అయితే నా నోరే మూసుకుంటానన్నాను. అమ్మ, సారంగం కూడా ప్రమాణం చేశారు. ముగ్గురం మెత్తగా, పుస్తకాల్లో మనుషుల్లాగా మాట్లాడుకున్నాం. "కొంచెం అలసటగా ఉన్నది." "కారం కాస్త ఎక్కువైనది." ఓ పూట గడిచింది. రొట్టె పెనం చెయ్యి కాల్చగానే నేను మొదలుపెట్టాను. నన్ను వారించబోయి అమ్మ, "నోరు మూస్కోని మూస్కోని నా పానం పోతుందే!" అంది. సారంగం పెద్దగా నవ్వాడు. పసుపు.

మాటలు లేకుండా బిడ్డనెలా కంటాను నేను? అంత నొప్పిలో దేవుణ్ణి కూడా తిట్టుకోకుండా ఎవరైనా ఉండగలరా?

అప్పుడు తట్టింది నాకు. మేం మారడమెందుకు? అత్తగారే నేర్చుకోవాలి! పరుగున వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ కళ్లు మెరిశాయి. "నేర్పొచ్చు. కానీ నీ ఒక్కదాని నోరు సాలదు. ఊరు ఊరంతా మాట్లాడాలె. నాడితోని కలిపి ఇంటది. మాట ఎంత గట్టిగున్నా నాడి మంచిగుంటె, అది వట్టి మాటేనని దానికి తెలుస్తది."

నమోదు 6

ఇలాంటి జాతర కుజుడి మీద ఇంతకు ముందు జరిగి ఉండదు!

పంట గోదాం ఖాళీ చేశాం. క్లినిక్‌లో ఉన్న గాజులన్నీ తెచ్చి ఆడామగా అందరికీ తొడిగాం. రాజమౌళి తాత తన చేతికి గాజేమిటని అలిగితే, ఆయన భార్య సత్తెమ్మ అవ్వ బలవంతంగా ఎక్కించింది. ఓ మూల పేకాట, ఓ మూల ఎర్రకారం తొక్కు పందెం, మధ్యలో పాత పెళ్లి ముచ్చట్లు. తాతకీ అవ్వకీ ఏ విషయం మీదైనా పోట్లాడుకోమని చెప్పాం. విషయం కూడా అడగకుండా మొదలుపెట్టేశారు.

"నా పానాలు తోడేస్తున్నడు ముసలోడు!"

"నేనా? నువ్వే నన్ను బతికుండంగనే పాతిపెట్టినవ్!"

గోదాం మొత్తం ఎర్రగా వెలిగింది. ఊళ్లో ఉన్న బండ్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి పడ్డాయి. ఓ బండి రాజమౌళి తాతని ఎత్తుకుపోబోయింది. "నాకు గర్భసంచి యాడిది రా!" అని తాత అరిస్తే జనం పడి పడి నవ్వారు. డాక్టరమ్మ ఒక్కొక్క దీపం దగ్గరికీ వచ్చి నాడి చూసి, వట్టి మాట, వట్టి మాట అని చెప్పుకుంటూ పోయింది. అనసూయ కూడా వచ్చింది. కొడుకుని చంకలో వేసుకుని, ఆ రోజు నొప్పుల్లో తను అన్న మాటలన్నీ మళ్లీ అంది. చివరికి, "గీ మాటలకే కదా నన్ను కోసిండ్రు" అంది.

మర్నాడు కూడా చేశాం. ఎరుపులు పసుపులయ్యాయి. ఆ మర్నాడు మా అమ్మ లేచి నిలబడి, తన జన్మలో నేర్చిన చావు మాటలన్నీ ఊపిరి తీసుకోకుండా చదివేసింది. గోదాం అంతా ఆమె గాజు వైపే చూసింది.

పచ్చగానే ఉంది!

ఈలలు, చప్పట్లు, అరుపులు. సారంగం నన్నెత్తి తిప్పబోయి, వల్లకాక తనే గుండ్రంగా తిరిగాడు. నేనైతే ఏడ్చేశాను, సంతోషంతో. ఇక రా బిడ్డా, ఎప్పుడొస్తావో రా.

నమోదు 7

వచ్చేసింది! ఎలా వచ్చిందో రాయాలి, ఒక్కటి కూడా మర్చిపోకముందే రాయాలి.

తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. కంగారుపడలేదు. రొట్టె తిన్నాను, స్నానం చేశాను, గుహలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మ భుజం మీద వాలిపోయేదాన్ని. ఆమె నా నడుం రాస్తూ, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ నా సంగతి చెప్పుకుంటూ నడిచింది. నొప్పులు బాగా దగ్గరపడి మాట్లాడలేని స్థితి వచ్చాకే క్లినిక్‌కి వెళ్లాం.

మధ్యాహ్నానికి నొప్పులున్నాయి గానీ బిడ్డ కిందికి జరగడం ఆగిపోయింది. పాత అత్తగారైతే ఈపాటికి ఎరుపు వెలిగించేది. డాక్టరమ్మ బిడ్డ గుండె విని, "బిడ్డ మంచిగుంది, తల్లి మంచిగుంది. ఆగుదాం" అంది. పైకప్పుకి చీర కట్టి వేలాడమంది. మోకాళ్ల మీద కూర్చోమంది, పక్కకు తిరగమంది. సారంగం వెనక నుంచి పట్టుకున్నాడు. అమ్మ నా చెమట తుడిచింది. నేను నోటికొచ్చినట్టు అందర్నీ తిట్టాను. గాజు పచ్చగానే చూస్తూ ఊరుకుంది.

చివరికొచ్చేసరికి నాలో ఏమీ మిగల్లేదు. చీర వదిలేశాను. "నావల్ల గాదు! కోసెయ్యిండ్రి! సచ్చిపోతున్న, కోసెయ్యిండ్రి!" అని అరిచాను.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది. నిజంగా అడిగితే ఆమె కాదనదు, అది నా హక్కు. సారంగం చేతులు బిగుసుకున్నాయి. అప్పుడు గాజులోంచి గొంతు వచ్చింది. పుస్తకాల గొంతు కాదు. గోదాంలో వినీ వినీ మా యాస పట్టుకుంది.

"తిరుమలా, మాటకన్నవా బిడ్డా? నిజంగ అన్నవా?"

ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అనసూయని అడగలేదు, ఈ ఊళ్లో ఏ ఆడదాన్నీ అడగలేదు. నేను ఒక్క క్షణం కళ్లు మూసుకుని నన్ను నేనే అడిగాను.

"మాటకే!" అని అరిచాను. "మాటకే అన్న! పట్టుకో అమ్మా!"

మళ్లీ చీర అందుకున్నాను. ఆ తర్వాత వచ్చిన నొప్పికి తల కనిపించిందన్నారు. ఆ తర్వాతి నొప్పికి నేను అరిచిన అరుపు వాయవ్య గుహ దాకా వినబడి ఉంటుంది. పాప జారి డాక్టరమ్మ చేతుల్లో పడింది. ఎర్రగా, ముడతలుగా, నా మీదే కోపంగా ఉన్నట్టు ఏడుస్తోంది. నా ఛాతీ మీద పెట్టారు. కోత లేదు! ఒక్క కోత లేదు!

నమోదు 8

పోయినసారి నమోదు అక్కడ ఆపేశాను. తర్వాత జరిగింది రాయడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు రాస్తాను.

పాప నా మీద ఉంది. అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం తల తేలిపోతున్నట్టు, గది దూరంగా జరిగిపోతున్నట్టు ఉంది. ఇంత సంతోషంలో ఏం చెప్తాంలే అనుకున్నాను. అమ్మ వంగి, "ఎట్లున్నవ్ బిడ్డా?" అంది.

"ఏం లేదు. మంచిగనే ఉన్న" అన్నాను, మెల్లగా.

గాజు ఎర్రగా వెలిగింది. "వట్టిది" అంది అత్తగారు. "డాక్టరమ్మా, ఇటు చూడు."

డాక్టరమ్మ దుప్పటి ఎత్తి చూసింది. రక్తం పోవాల్సిన దానికన్నా ఎక్కువ పోతోంది. ఇంజెక్షన్ ఇచ్చింది, కడుపుని గట్టిగా నొక్కి పట్టుకుంది. చాలాసేపు నొక్కే ఉంచింది. పాపని అమ్మ ఎత్తుకుంది. నేను సారంగం వేలు పట్టుకుని ఉన్నాను, అంతవరకే గుర్తుంది. మెల్లగా రక్తం కట్టింది.

తేరుకున్నాక డాక్టరమ్మ చెప్పింది. ఆ గోదాంలో అత్తగారు ఇంకోటి కూడా నేర్చుకుందట. మా ఆడవాళ్లు సచ్చిన, సచ్చిన అని అరిచినప్పుడు నాడి నిమ్మళంగా ఉందట. పక్కకు తిరిగి నెమ్మదిగా "ఏం లేదు" అన్నప్పుడే ఎగిరెగిరి పడిందట. ఒక్కరిద్దరికి కాదు, అందరికీ. ఇది డాక్టరమ్మ నేర్పలేదు, నేను నేర్పలేదు. అదే విని పట్టుకుంది.

ఈ పొద్దున మా ఇంట్లో, మా మంచం మీద మెలకువొచ్చింది. తిరిగే గది లేదు, మధ్యలో తెర లేదు, పాప నా పక్కనే ఉంది. అమ్మ పెనం మీద రొట్టె తిప్పుతోంది. సారంగం వచ్చి కూర్చుని, "ఎట్లున్నవ్?" అన్నాడు.

"ఏం..." అని ఆగిపోయాను. ఎంత అలవాటో చూడండి. ఈసారి నోరు సరిచేసుకున్నాను.

"నొప్పిగుంది. ఆకలైతుంది. ఆ రోజు భయమైంది, మస్తు భయమైంది, మిమ్మల్ని మళ్లీ చూడనేమో అనుకున్న. గిప్పుడు సంతోషంగుంది."

పొయ్యి దగ్గర అమ్మ చెయ్యి ఆగింది. మా అమ్మ లచ్చవ్వ, తలనొప్పికి లోకం తలకిందులు చేసే మనిషి, నాన్న పోయిన రోజు కూడా అడిగినవాళ్లందరికీ "ఏం లేదు" అనే చెప్పిన మనిషి, పెనం దించి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకు గూడ భయమైంది బిడ్డా" అంది.

ఇద్దరం ఒకర్నొకరం పట్టుకుని ఏడ్చాం. గాజు పచ్చగా ఉంది.